ఏడో బోరు పేరు హెక్స్

తిప్పేష్‌ను గుద్దిన లారీ నంబరు పోలీసుల దగ్గర ఉంది. చంపినవాళ్ల పేర్లు మాత్రం ఏ కాగితంలోనూ లేవు. రాయమంటే రాస్తాం, ఆ పేర్లు మీవి. ఎండిన బోర్లన్నీ పూడ్చేశామని ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెట్టినవాళ్లు మీరు. ఎన్ని పూడ్చారో చూడటానికి మీలో ఒక్కడూ జీపు దిగలేదు. అనంతపురం మిట్ట మీద ఏ దిక్కుకు నాలుగడుగులు వేసినా జానెడు వెడల్పు చిల్లు ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది. అందులోకి మీరు ఎన్నడూ తొంగి చూడలేదు. పరాయి దేశపువాళ్లు చూశారు. ఇంత మంచి దాపు ఇంకెక్కడా దొరకదని తెలుసుకున్నారు. మీరు మీ పని చేసి ఉంటే తిప్పేష్ ఈపాటికి ఏ బంకు ముందో నిలబడి ఉగ్గాణి తింటూ ఉండేవాడు.

సోమందేపల్లె దగ్గర పట్టపగలు హైవే దాటుతుంటే పడిపోయాడు. చొక్కా జేబులో స్కూలు నోటుబుక్కు నుంచి చింపిన కాగితం ఒకటి దొరికింది. దాని మీద చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు, పక్కన తెలుగు అర్థాలు. పై వరుసలో ప్రతి మాటలోనూ ఎక్స్ అక్షరం ఉంది. కింది వరుసలో ప్రతి మాటలోనూ జెడ్. పిల్లల హోంవర్కు అనుకుని కానిస్టేబుల్ దాన్ని పారెయ్యబోయాడు. తిప్పేష్‌కు పిల్లలు లేరు. అతనికున్నది ఆఫీసు ఒక్కటే. ఆ ఆఫీసు పేరు ఏ బోర్డు మీదా ఉండదు.

మూడో రోజున ఆ కాగితం హైదరాబాదులో, ప్లాస్టిక్ కవరులో, ఏజెంట్ ఎర్రిస్వామి ముందుకు వచ్చింది. చీఫ్ చంద్రమోహన్ దాన్ని వేలితో తోశాడు.

"చదువు."

ఎర్రిస్వామి చదివాడు. ఆక్స్, ఎద్దు. యాక్స్, గొడ్డలి. ఫాక్స్, నక్క. బాక్స్, పెట్టె. పాక్స్, అమ్మవారు పోసే జబ్బు. వ్యాక్స్, మైనం. ఈ ఆరింటి పక్కనా టిక్కులున్నాయి. ఏడోది హెక్స్, శాపం. దాని పక్కన టిక్కు లేదు, ప్రశ్న గుర్తు ఉంది. కింది వరుసలో మూడే మాటలు. జిప్, మూసెయ్. జూ, జంతువుల్ని కట్టేసి చూపించే చోటు. జ్యాప్, ఒక్క దెబ్బకు లేపెయ్.

విషయం చీఫ్ ముక్తసరిగా చెప్పాడు. ఒక విదేశీ ముఠా ఫోన్లలో అక్షరాల ఆట ఆడుతోంది. పలకల మీద అక్షరాలు పేర్చి మాటలు కట్టే ఆట, కోట్ల మంది ఆడేదే. వీళ్ల ఆర్డర్లన్నీ అందులోనే నడుస్తున్నాయి. సైబర్ వింగువాళ్లు రెండు నెలలు ఆ ఆటను గమనించి, ఆటగాళ్ల ఇంగ్లీషు బాగుందని రిపోర్టు రాశారు. తిప్పేష్ ఒక్కడే అర్థాలు రాసుకుని కంబదూరు దారి పట్టాడు. ఎక్స్ మాటలు చోట్లు, జెడ్ మాటలు పనులు. ఆక్స్ అంటే ఎద్దు బొమ్మ చెక్కిన బండ పక్కనున్న బోరు. పాక్స్ అంటే మారెమ్మ కట్ట పక్కది. వ్యాక్స్, తేనెపట్ల గుండు కింద. ఇలా ఆరు. ఆరూ కొత్త కాలువ కట్టను ఆనుకుని ఉన్న ఎండిన బోర్లే. ప్రతి దాంట్లోనూ నలభై, యాభై అడుగుల లోతున పేలుడు సరుకు వేలాడుతోంది. తిప్పేష్ ఒక్కో చోటూ చెప్పినకొద్దీ ఆఫీసు మనుషులు బోర్లు కడిగే కంపెనీ వేషంలో వెళ్లి ఆరూ ఖాళీ చేశారు. ఏడోది ఎక్కడుందో తెలియదు. తూము దగ్గర ఉంటే అదొక్కటి చాలు, కట్ట తెగిపోతుంది.

"శనివారం పదకొండింటికి కాలువకు నీళ్లు వదులుతున్నారు" అన్నాడు చీఫ్. "ఆటలో తాజా మాట నిన్న పడింది. జూ."

"జూ అంటే?"

"కట్ట మీదికి జనాన్ని పోగెయ్యమని."

ఆ కట్ట మీదికి వచ్చేది ఎర్రిస్వామి మండలం జనమే. ముప్పై ఏళ్లుగా ఆ కాలువ కోసం రోడ్ల మీద కూర్చుని లాఠీలు తిన్నవాళ్లు. రెండు వేల మంది వస్తారని అంచనా. ప్రోగ్రాం ఆపమని చెప్పారా అని అడిగాడు. చెప్పామని, శిలాఫలకం మీద తేదీ చెక్కించేశారు గనుక కుదరదన్నారని చీఫ్ జవాబిచ్చాడు. పైగా ఆపితే అవతలివాళ్లు ఆ క్షణమే పేలుస్తారు. వాళ్లకు కావలసింది ఆ నేల కింద ఉన్న రాతి పొర. ఒక విదేశీ ఖనిజాల కంపెనీ దానికోసం కాచుకుని ఉంది. నీళ్లు పారితే రైతు భూమి అమ్మడు. నీళ్లు వచ్చిన రోజే జనం కొట్టుకుపోతే ఇంకో తరం దాకా ఎవడూ కాలువ పేరెత్తడు. లెక్క అంతే.

వేషం కూడా చీఫే నిర్ణయించాడు. నీళ్లు చూసే స్వామి. అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని చేలల్లో తిరిగేవాణ్ణి ఆ సీమలో ఎవరూ ఎందుకని అడగరు. టెక్నికల్ వింగువాళ్లు టెంకాయ తయారుచేసి ఇచ్చారు. రెండు చిప్పల మధ్య పేలుడు సరుకు వాసన పట్టే ముక్కు ఒకటి, వైరు కోసే కట్టర్ ఒకటి. వాసన తగిలితే కాయ అరచేతిలో వణుకుతుంది.

ఆ కాయను చేతిలోకి తీసుకున్నప్పుడు ఎర్రిస్వామికి నాయన గుర్తొచ్చాడు. ఇట్లాంటి స్వామి మాట నమ్మే అతని నాయన తొమ్మిది బోర్లు వేయించాడు. తొమ్మిదో బోరు పక్కన ఒక మధ్యాహ్నం కూర్చుని, మళ్లీ లేవలేదు. ఇప్పుడు ఆ స్వామి వేషమే కొడుక్కు గవర్నమెంటు ఇచ్చిన డ్యూటీ.

బుధవారం నుంచి తిరిగాడు. తూముకు అర మైలు చుట్టూ నలభై ఒక్క ఎండిన బోర్లు లెక్కతేలాయి. కొన్నిటి మీద బండ, కొన్నిటి మీద తుమ్మకంప, చాలావాటి మీద ఏమీ లేదు. వంగి చెవి పెడితే ప్రతి బోరూ ఒకే శబ్దం చేసేది. "ఊ..." అని. ఫోనెత్తితే తిప్పేష్ హలో అనేవాడు కాదు, ఊ అనేవాడు. చెప్పు, వింటున్నా అన్నట్టు. ఎర్రిస్వామి ఒక బోరు మీద నుంచి లేచి ఇంకో బోరు మీదికి వంగితే అక్కడా అదే ఊ. నలభై ఒక్క నోళ్లతో చచ్చిన స్నేహితుడు అతని మాట కోసం కాచుకుని ఉన్నట్టుండేది. కాయ ఒక్కసారి కూడా వణకలేదు.

గురువారం వజ్రకరూరు నుంచి పిలుపు వచ్చింది. ఖనిజాల కంపెనీ గెస్ట్‌హౌసులో నీళ్లు చూడాలట. పిలిచింది ప్రశాంతి. కంపెనీకి ప్రచారం చూసే మేనేజరమ్మ. బూడిదరంగు పట్టుచీర, ముఖంలో సగం కప్పే నల్ల కళ్లద్దాలు, ఎర్రమట్టిలో కూడా మరక పడని తెల్ల చెప్పులు. ఆవరణలో పనివాళ్లు వినేటట్టుగానే అడిగింది.

"స్వామీ, మీ కాయ ఎంత లోతు చెప్తాది?"

"అడిగినోళ్ల ఆశ ఎంతుంటే అంత."

కోడ్ సరిపోయింది. ఇద్దరూ నడుచుకుంటూ దూరం వెళ్లారు. తిప్పేష్‌కు మాటలు అందించింది తనేనని ఆమె చెప్పింది. ముఠా ఆర్డర్లు మోసేది కూడా తనేనని అంతే మామూలుగా చెప్పింది. ఇద్దరికీ పనిచేస్తానని, ఇద్దరూ నమ్మరు గనుక ఇన్నాళ్లు బతికానని అంది. ఏడో చోటు ఆమెకూ తెలియదు. దాన్ని ఎంచింది లోకల్ పార్టనర్ ఆంజనేయులు. కాలువ కాంట్రాక్టరు, ఆ చుట్టుపక్కల మూడొందల ఎకరాల ఆసామి, ఎవరు గెలిచినా స్టేజీ మీద కుర్చీ ఉండే మనిషి. అతను చోటు చెప్పలేదు, హెక్స్ అనే మాట మాత్రం పంపాడు.

"శనివారం ట్రిగ్గర్ ఎవరి చేతిలో?"

"నా బ్యాగులో ఒక ఫోను, ఆంజనేయులు జేబులో ఒక ఫోను. ఆటలో జ్యాప్ అని పడతాది. నేను నొక్కకపోతే ఆయన నొక్కుతాడు. నొక్కలేదని నన్ను కూడా తీసేస్తారు."

"అయితే నొక్కుతావా?"

"నీ పని నువ్వు చేసుకుంటే నా వేలితో నీకేం పని అన్నా."

తిప్పేష్‌ను పట్టిచ్చింది ఎవరని అతను అడిగాడు. ఆమె కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది. మళ్లీ పెట్టుకుని, ఇక్కడ నీళ్లు లేవని పనివాళ్లకు చెప్పెయ్యమంది.

శనివారం పొద్దున ఎనిమిదికే కట్ట మీద షామియానా లేచింది. స్టేజీ మాత్రం ఆంజనేయులు కాలువ అవతల ఎత్తు మీద వేయించాడు. మైకులో ఒకడు హలో హలో అంటున్నాడు. ట్రాక్టర్లలో జనం దిగుతున్నారు. ఎర్రిస్వామి నేరుగా తిమ్మన్న బోరు దగ్గరికి పోయాడు. ఆరేళ్ల కింద తిమ్మన్న అనే రైతు ఆ బోరు పక్కనే ప్రాణం తీసుకున్నాడు. చుట్టుపక్కల దాన్ని శాపం బోరు అనే అంటారని ముందు రాత్రే విన్నాడు. హెక్స్, శాపం. ఇంకేం కావాలి? తాడుకు కెమెరా కట్టి మూడొందల అడుగులు దించాడు. అడుగు అడుగునా చూశాడు. రాయి, దుమ్ము, మళ్లీ రాయి. గంటన్నర పోయింది. తలెత్తేసరికి ఎదురుగా గొర్రెల మంద, మంద ముందు ఒక నడివయసు ఆడమనిషి నిలబడి ఉంది.

"ఏమప్పా, ఎవురు నువ్వు? ఆయప్ప ఈన్నే పండుకోనుండాడు. లేపొద్దు."

తిమ్మన్న భార్య గంగక్క. తాడు చుట్టుకుంటూ ఎర్రిస్వామి క్షమించమన్నాడు. టైము పది దాటింది. వేషం గురించి ఆలోచించే ఓపిక అయిపోయింది.

"అక్కా, ఒక మాట చెప్పు. ఈ చుట్టుపక్కల శాపం తగిలిన బోరు ఏది?"

"తగలంది ఏదో అడుగు. చెప్పేకి సులువు."

ఆమె గొర్రెలను అదిలిస్తూ నడిచింది. ఈరోజు కాలువ నీళ్లు ముందు తన గొర్రెలే తాగాలని, అందుకే తూము దగ్గర చోటు చూసుకుంటున్నానని చెప్పింది. ఎర్రిస్వామి వెంట నడిచాడు. కాయ పలకడం లేదేమిటని తనలో తను గొణుక్కుంటే ఆమె విని, కాయ ఏమి పలుకుతుందప్పా, పొద్దున పూట బోరు గాలి లోపలికి పీలుస్తుంది, మధ్యాహ్నం దాటినాకే బయటికి వదులుతుంది అంది. ఆరేళ్లు బోర్ల పక్కన గొర్రెలు కాసిన మనిషికి తెలిసిన సంగతి టెక్నికల్ వింగుకు తెలియలేదు. వాసన పైకి రానప్పుడు ముక్కు ఏం పడుతుంది? మూడు రోజులూ అతను పొద్దున పూటే తిరిగాడు. మధ్యాహ్నాలు ఆంజనేయులు మనుషులు కట్ట మీద కాపలా ఉండేవాళ్లు.

దారిలో ఒక బోరు వచ్చింది. గంగక్క నడక ఆపకుండానే వంగి గులకరాయి ఒకటి తీసి అందులో వేసింది. వేసి నిలబడింది. బొటనవేలితో వేళ్ల గణుపులు లెక్కపెట్టింది. అయిదో గణుపుకు లోపలెక్కడో టంగుమంది. నడిచింది.

ఆ పని ఎర్రిస్వామికి తెలుసు. ఆ సీమలో ఎండిన బోరు దాటే ప్రతివాడూ చేసేదే. నాయన కూడా చేసేవాడు. అడుగున ఊట ఏమన్నా దిగిందేమో, రాయి పడితే బుడుంగుమంటుందేమో అని ఆశ. పూజ కంటే క్రమం తప్పకుండా చేస్తారు.

"దినామూ అన్నిట్లో వేస్తావా అక్కా?"

"అన్నిట్లో వేస్తా. మందివాటిల్లో నీళ్లు పడాలని వేస్తా. ఆంజనేయులుదాంట్లో పడకూడదని వేస్తా." ఆమె తూము వైపు ఉమ్మేసింది. "అయినా దేవుడు వానిపక్కే నిలబడినాడు. నాలుగు దినాలాయె, వాని బోరు శబ్దం మారింది. అయిదు గణుపులకు టంగుమనేది, ఇప్పుడు రెండుకే దబ్బుమంటాది. ఊట లేసినట్లుంది వానికి."

రెండు గణుపులంటే నలభై, యాభై అడుగులే. ఎర్రిస్వామి నిలబడిపోయాడు.

"వాన ల్యాకుండా ఊట యెట్ల లేస్తాదక్కా?"

"అదే నేనూ అనుకుంటాండా. నా మన్ను పనిచేయలేదేమో అని."

నడక పరుగైంది. పరుగులోనే ఆమె చెప్పింది. ఆంజనేయులు తమ బోరుకు దిగువన, తూము వైపు, ఇంకా లోతుగా బోరు వేయించాడు. తమది ఎండింది, తిమ్మన్న పోయాడు. కర్మలు అయిన మరుసటి రోజు ఆమె ఆ బోరు దగ్గరికి వెళ్లి, రెండు గుప్పెళ్ల మన్ను తీసి ఆంజనేయులు నెత్తిన పోసింది. నీ బోరులో చుక్క పడకపోవాల అంది. ఏడాది తిరక్కుండా అదీ ఎండింది. ఆమెకు ఆ మాట గుర్తుంది సరే. ఆంజనేయులుకు కూడా గుర్తుంది. అన్ని పేర్లు దొరికే భాషలో వెతికి వెతికి శాపం అనే మాట ఏరుకున్నాడు.

బోరు తూముకు ముప్పై గజాల్లో, కట్ట మలుపు కింద ఉంది. చుట్టూ తుమ్మకంప. ముందు మడతకుర్చీలో ఒక కాపలావాడు. టైము పది నలభై ఎనిమిది. ఎర్రిస్వామి జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. అంతకు ముందే గంగక్క మందను వాడి మీదికి తోలింది. వాడు లేచి కేకలేశాడు. ఆమె వంగి గుప్పెడు మన్ను తీసింది.

"నాయనా, నీతో నాకు పంతం ల్యాదు. ఈడ నిలబడితే మాత్రం నీ యింటి మీద గూడా పడతాది."

వాడు ఆమె పిడికిలి వంక చూశాడు. పిస్తోలు చూసినా అంత వెనక్కి పోయేవాడు కాదు. కుర్చీ మడుచుకుని మరీ పోయాడు.

కంప లాగి చూస్తే కేసింగు పైపు అంచున బూడిదరంగు వైరు ఒకటి, కంపకొమ్మల్లోకి పాకిన నల్లవైరు ఒకటి. చెవిలో ఆఫీసు బాంబు నిపుణుడు కిరణ్ గొంతు. ఎర్రిస్వామి వంగి రెండు వైర్లనూ ఫోను కెమెరాలో చూపించాడు.

"నల్లది యాంటెనా. అది కోస్తే దానికి చెవుడు వస్తాది. బూడిదది తాకొద్దు. తాకితే నువ్వూ నేనూ మాట్లాడుకోం."

కట్టర్ టెంకాయలో ఉంది. చిప్పల మర బిగుసుకుపోయింది. తిప్పినా రాలేదు. కట్ట మీద డోళ్లు మొదలయ్యాయి. ఎవరో తూము చక్రం మీద పూలు చల్లారు. రెండు వేల తలలు ఒకేసారి తూము వైపు తిరిగాయి. స్టేజీ మీద రెండో వరుసలో ఆంజనేయులు జేబులో నుంచి ఫోను తీశాడు. పక్కనే ప్రశాంతి బ్యాగు తెరిచింది. ఎర్రిస్వామి బోరు రాతి మీద టెంకాయ పగలగొట్టాడు. లక్షన్నర రూపాయల ఎలక్ట్రానిక్ ముక్కు నాలుగు ముక్కలై దొర్లింది. కట్టర్ అందుకున్నాడు. వైరు కంపలో ముడిపడి ఉంది. ముళ్లు మణికట్టు దాకా చీరాయి. బోరు లోపలి నుంచి ఊ అని వినిపించింది. వస్తున్నా తిప్పేష్ అన్నాడు, పైకే అన్నాడు, కోశాడు.

కోసిన వైరు ముక్కతో చెయ్యి పైకెత్తాడు. స్టేజీ మీద నల్ల కళ్లద్దాలు అతని వైపే ఉన్నాయి. వాటి వెనక కళ్లు ఎటున్నాయో ఎవరు చెప్పగలరు? ప్రశాంతి వేలు కదిలింది. ఆంజనేయులు కూడా నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. లిఫ్టు రానప్పుడు జనం నొక్కినట్టు నొక్కుతూనే ఉన్నాడు. తూము లేచింది. ఎర్రటి నీళ్లు నురగతో వచ్చాయి. గంగక్క గొర్రెలు ఎవరి ప్రసంగం కోసమూ ఆగలేదు.

ఆంజనేయులును స్టేజీ దిగేటప్పుడే తీసుకుపోయారు. పేపర్లో మాత్రం అతనికి ఛాతీనొప్పి అని వచ్చింది. బెంగళూరులో కూర్చుని ఆట ఆడిన విదేశీయుడు ఆ మధ్యాహ్నమే విమానమెక్కాడు. ప్రశాంతిని కారెక్కించేముందు ఎర్రిస్వామి అడిగాడు, నా చెయ్యి కనపడిందా లేదా అని.

"కనపడిందనే అనుకో అన్నా" అంది. "నీకు నిద్ర పడతాది."

పట్టలేదు. రోజూ పడటం లేదు. ఒకసారి ఆమె వేలు అతని చేతికి ముందు కదిలినట్టుంటుంది, ఇంకోసారి తరువాత.

చీఫ్ ఫైలు మూసేశాడు. ఆ రోజు అక్కడ ఏ సంఘటనా జరగలేదు. తిప్పేష్‌ది రోడ్డు ప్రమాదం. ఎర్రిస్వామికి ఇంకో ఊరు, ఇంకో వేషం. అతను టిక్కెట్టు తిప్పి పంపించి కంబదూరులోనే ఉండిపోయాడు. నలభై ఒక్క బోర్లకూ సున్నంతో నంబర్లు వేశాడు. ఆ అర మైలులోనే నలభై ఒకటి. జిల్లా మొత్తం ఎన్నున్నాయో మీ కాగితాలకు తెలియదు, గొర్రెలకు తెలుసు.

అందుకని వినండి, మళ్లీ చెప్పం. తిప్పేష్ పేరు ప్రమాదం ఖాతాలో నుంచి తీసి, ఎవరు చంపారో, ఎందుకు చంపారో బయట రాయండి. ఎండిన ప్రతి బోరునూ అడుగు దాకా మన్నుతో నింపి, మీద కాంక్రీటు పొయ్యండి. కమిటీలు వద్దు, సర్వేలు వద్దు, డ్రోన్లు వద్దు. సంతకాలు పెట్టిన చేతులతోనే గంప మొయ్యండి. సోమవారం పొద్దున ఆరింటికి తూము దగ్గర నిలబడండి, దారి గంగక్క చూపిస్తుంది. తాగే నీళ్లు మాత్రం మీరే తెచ్చుకోండి.